బాస్ఫరస్ జలసంధిపై ఒక విందు, ఒక వినోదము

(సంఘ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నాకు నిర్ణయింపబడిన విషయము విదేశయాత్ర. విదేశయాత్ర యనగానే చూచిన ఊళ్ల పట్టికను, కొన్న వస్తువుల ధరలను ఏకరువు పెట్టుట ఆచారమైపోయినది. అట్లు చేసి మీ సహనమును పరీక్షింపదలచుకొనలేదు. ఒక్క నగరమును, ఆ నగరమున ఒక్క రాత్రిని, ఆ రాత్రియందును మూడు గంటల కాలమును మాత్రమే తీసికొందును. ఆ నగరము టర్కీ దేశములోని ఇస్తాంబుల్. ఆ మూడు గంటలు అచ్చటి బాస్ఫరస్ జలసంధిపై ఓడలో భోజనము చేయుచు, ఆ దేశపు సంప్రదాయ నృత్యగీతములను తిలకించు విందుయాత్ర. మన సభ్యులలో పదవీ విరమణానంతరము యాత్రాబృందములతో పోయి దీనిని చూచివచ్చినవారు కొందరున్నారు, పోదలచినవారు మరికొందరున్నారు. మన ఎల్.టి.సి. ఆ దేశమునకు వర్తింపదు గనుక అందరును స్వంత సొమ్ముతోనే పోవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. స్వంత సొమ్ముతో చూచినదానిని గూర్చి కొంచెము లోతుగా ఆలోచించుట కూడ న్యాయము.

మొదట ఆ నీటిని గూర్చి చెప్పవలెను. ఉత్తరమున నల్లసముద్రమును, దక్షిణమున మర్మరా సముద్రమును కలుపు ఇరుకైన నీటిదారి బాస్ఫరస్. పొడవు సుమారు 30 కిలోమీటర్లు. మిక్కిలి ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 700 మీటర్లే. రాజమహేంద్రవరము కడ మన గోదావరి వెడల్పులో మూడవ వంతు కూడ లేదు. అయినను ఒక యొడ్డు ఐరోపా ఖండము, ఎదుటి యొడ్డు ఆసియా ఖండము. టర్కీవారు దీనిని 'బొగాజ్' అందురు. ఆ మాటకు గొంతు అని అర్థము. నల్లసముద్రపు దేశముల ధాన్యము, చమురు ఈ గొంతు ద్వారముననే వెలికి రావలెను. 1936లో కుదిరిన మోంట్రో ఒప్పందము వర్తకపు ఓడలకు ఇందు స్వేచ్ఛగా పోవు హక్కు నిచ్చినది. అందుచే మనము భోజనము చేయు చిన్న ఓడ ప్రక్కనే ఏడెనిమిది అంతస్తుల మేడ వంటి సరకుల ఓడ యొకటి చప్పుడు లేక చీకటిలో సాగిపోవుచుండును.

ఈ నీటికి వేరొక విశేషము కూడ కలదు. పైపొర నీరు నల్లసముద్రము నుండి దక్షిణమునకు ప్రవహించును. అడుగుపొర నీరు, ఉప్పదనము హెచ్చగుటచే బరువై, దక్షిణము నుండి ఉత్తరమునకు ప్రవహించును. ఈ సంగతి అచ్చటి బెస్తలకు ఎప్పటి నుండియో తెలియును. లుయీజీ మార్సీలీ యను ఇటలీ యువకుడు 1679-80 సంవత్సరములలో ఇస్తాంబుల్ నందుండి, త్రాటికి బరువు కట్టి నీటిలోనికి దింపి, ఆ త్రాటికి కట్టిన బెండుముక్కలు లోతున ఎదురు దిక్కునకు పోవుటను చూచి, దీనిని శాస్త్రరీతిని నిరూపించెను. పైకి కనబడు ప్రవాహము వేరు, అడుగున నడచు ప్రవాహము వేరు అను ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనుడు.

ఈ విందు ఓడలు సాధారణముగా ఐరోపా యొడ్డున కబాతాష్, ఎమినొన్యు మొదలగు రేవులనుండి రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల ప్రాంతమున బయలుదేరును. క్రింది అంతస్తున వరుసగా బల్లలు, నడుమ చిన్న నృత్యవేదిక, ఒక మూల శబ్దయంత్రములు. పై అంతస్తున నిలిచి గాలి పీల్చుకొనుటకు తెరపి స్థలము. ఒక్కొక్క బల్లపై ఆయా దేశపు చిన్న జెండా నుంచుట కద్దు. మేము పోయిన నాడు మా ప్రక్క బల్ల అరబ్బు కుటుంబముది, వెనుక ఇండోనేషియావారు, ఎదుట రష్యను దంపతులు. ఇందరికి అర్థమగు భాష యొకటి లేదు. కార్యక్రమము నడుపు వ్యక్తి ఇంగ్లీషున నాలుగు మాటలు, అరబ్బీలో రెండు, రష్యనులో ఒకటి చెప్పి నవ్వించును. ఈ సంగతియే రాబోవు కథకంతటికి మూలము.

ఓడ కదలిన కొంతసేపటికి ఎడమవైపున దీపకాంతిలో తెల్లని దీర్ఘమైన భవనము కనబడును. అది దోల్మాబాహ్చె రాజప్రాసాదము. సుల్తాను అబ్దుల్ మెజీద్ కాలమున 1843లో ఆరంభమై 1856లో పూర్తియైనది. బాల్యాన్ అను ఆర్మీనియను వాస్తుశిల్పుల కుటుంబము దీనిని నిర్మించినది. గణతంత్ర సంస్థాపకుడు కెమాల్ అతాతుర్క్ 1938 నవంబరు 10న ఇందే కన్నుమూసెను. ఓడలో ఈ రెండు సంగతులు చెప్పుదురు. తెలుగువారమైన మనకు చెప్పవలసిన మూడవ సంగతి యొకటి కలదు. అది ఎవరును చెప్పరు. చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మెజీద్ 1924 మార్చి నెలలో ఈ ప్రాసాదము నుండియే కుటుంబముతో దేశబహిష్కృతుడయ్యెను. హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయనకు ధనసహాయము చేసెను. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరమున ఖలీఫా కుమార్తె దుర్రెషెహ్వార్‌కు నిజాము పెద్దకుమారునితోను, అదే రాజవంశమునకు చెందిన నీలోఫర్‌కు రెండవ కుమారునితోను వివాహములు జరిగినవి. హైదరాబాదున బిడ్డకు జ్వరము వచ్చిన తల్లి యెవరైనను నీలోఫర్ ఆసుపత్రి పేరు ఎరుగును. ఆ పేరు గల రాకుమారి పుట్టినది ఈ ఇస్తాంబుల్ నందే. ఇంత దూరమున మన ఊరి ఆసుపత్రి పేరు జ్ఞప్తికి వచ్చునని నేననుకొనలేదు.

తరువాత చిరాగాన్ ప్రాసాదము, ఒర్తాకొయ్ నీటియొడ్డు మసీదు, దానికి పైగా 1973లో నిర్మింపబడిన మొదటి వ్రేలాడు వంతెన వరుసగా వచ్చును. రంగులు మారు దీపములతో ఆ వంతెన రాత్రి సమయమున ఎంతయు మనోహరము. దానికి ఉత్తరమున 1988లో రెండవ వంతెన, నల్లసముద్రపు ముఖద్వారము కడ 2016లో మూడవ వంతెన వెలసినవి. నీటి అడుగున 2013 నుండి రైలు కూడ నడచుచున్నది. ఇంకను ముందునకు పోగా జలసంధి మిక్కిలి ఇరుకగు చోట ఒడ్డున రుమేలీ హిసారు కోట నిలిచియుండును. రెండవ మెహ్మెద్ 1452లో దానిని కొలది నెలలలోనే కట్టించి, మరు సంవత్సరము మే 29న నగరమును జయించెను. విందు ఓడలు చాల వరకు ఈ ప్రాంతమున వెనుకకు తిరిగి ఆసియా యొడ్డు వెంబడి దిగువకు వచ్చును.

తిరుగుదారిలో ఉస్కుదార్ కడ నీటి నడుమ చిన్న బురుజు కానవచ్చును. దాని పేరు కిజ్ కులెసి, అనగా కన్యాబురుజు. ఒక రాజు కుమార్తె పాముకాటుచే మరణించునని జోస్యులు చెప్పిరట. తండ్రి సముద్రమధ్యమున బురుజు కట్టించి కుమార్తె నందుంచెనట. పండ్లబుట్టలో దాగిన పాము లోనికి చేరి ఆమెను కరచెనట. ఈ కథ వినగానే తెలుగువారికెవరికైనను ఒంటిస్తంభపు మేడయు, పండులోని పురుగు రూపమున వచ్చిన తక్షకుడును, పరీక్షిన్మహారాజును మనసున మెదలక మానరు. ఇంతటి కథ గల బురుజు ప్రక్కనుండి ఓడ పోవునప్పుడు లోపల డోలు మ్రోగుచుండును. కథ చెప్పు వారుండరు, వినువారుండరు. అందరును ఛాయాచిత్రములు తీయుటలో మునిగియుందురు.

ఇక భోజనము. టర్కీ విందు మన విందువలె ఒకేసారి విస్తరి నింపునది కాదు. ముందు 'మెజె' అను చిన్న చిన్న పదార్థములు వచ్చును: వెల్లుల్లి కలిపిన చిక్కని పెరుగు, నువ్వులముద్ద కలిపిన శనగల పచ్చడి, కాల్చిన వంకాయ పచ్చడి, ద్రాక్షాకులలో చుట్టిన బియ్యపు పొట్లములు, టమాటా మిరపల కారపు నూరుడు. మన ఇండ్లలో వంకాయను నిప్పులపై కాల్చి పచ్చడి చేయు తల్లులు ఈ రుచిని వెంటనే పోల్చుకొందురు. అక్కడ చింతపండు బదులు నిమ్మరసము, నువ్వులనూనె బదులు ఆలివు నూనె. ఉల్లిపాయలు, టమాటాలు కూరిన వంకాయ వంటకమొకటి కలదు. దాని పేరు 'ఇమామ్ బాయిల్ది', అనగా ఇమాముగారు మూర్ఛపోయిరి అని అర్థము. రుచికి మూర్ఛపోయెనని కొందరు, భార్య ఖర్చుచేసిన నూనె లెక్క విని మూర్ఛపోయెనని కొందరు చెప్పుదురు. జీతగాండ్రమైన మనకు రెండవ కారణమే సమంజసముగ తోచును.

తరువాత చేపగాని, కోడిమాంసముగాని వచ్చును. శాకాహారులు ముందుగనే తెలిపినచో కూరగాయల వంటకము నిత్తురు. పెద్దలు కొందరు 'రకీ' యను సోపువాసన గల మద్యము సేవింతురు. నీరు కలిపిన వెంటనే అది పాలవలె తెల్లబడును గనుక దానిని సింహపుపాలు అని పిలుతురు. మనబోటివారికి పండ్లరసము, తేనీరు లభించును. చివర బక్లావా యను పొరల మిఠాయి, నడుము సన్నని గాజుగ్లాసులో పాలు లేని తేనీరు. మన ఆత్రేయపురపు పూతరేకులు తిన్నవారికి పొరల మిఠాయి క్రొత్త కాదు. కాని పూతరేకు నోట మెత్తగా కరుగును, బక్లావా కరకరలాడి పాకమును చిందించును.

ఇక వినోదము. చాల ఓడలలో కార్యక్రమమునకు ఆరంభము దర్వీషుల భ్రమణముతో జరుగును. దీపములు తగ్గును, 'నెయ్' అను రెల్లు మురళి నాదము వినబడును, తెల్లని అంగీ, ఎత్తైన ఒంటెరంగు టోపీ ధరించిన ఒకడో ఇద్దరో వచ్చి ఎడమ పాదమును ఇరుసుగ చేసికొని తిరుగుదురు. కుడి అరచేయి ఆకాశము వైపు, ఎడమ అరచేయి నేల వైపు. భగవంతుని నుండి పొందినది లోకమునకు పంచుట యని దాని భావము. ఆ టోపీ అహంకారమునకు సమాధిరాయి. ఆ తెల్లని వస్త్రము శవవస్త్రము. ముందు కప్పుకొని తరువాత విడిచివేయు నల్లని పైవస్త్రము ప్రాపంచిక జీవితము. 1273లో కోన్యా నగరమున పరమపదించిన జలాలుద్దీన్ రూమీ అనుయాయులు ఈ సాధనను ఏర్పరచిరి. దానిని 'సెమా' యందురు. 1925లో గణతంత్ర ప్రభుత్వము దర్వీషుల మఠములను మూసివేసినది. 1950 దశకమున కోన్యాలో రూమీ స్మారకోత్సవ రూపమున సెమా మరల ప్రజల ముందునకు వచ్చినది. 2008లో యునెస్కో దీనిని మానవాళి అమూర్త వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది. అట్లు చేర్చుచునే, అనేక సెమాలు సంప్రదాయ సందర్భమును వీడి యాత్రికుల కొరకు జరుగుచున్నవనియు, వాణిజ్యావసరముల కొరకు కుదింపబడినవనియు కూడ వ్రాసినది.

ఆ కుదింపు ఎట్టిదో గమనింపుడు. పూర్ణరూపమున సెమా సుమారు ఒక గంట కాలము పట్టును. ప్రవక్తను స్తుతించు కీర్తన, మురళి ఆలాపన, గురువుకు నమస్కరించుచు మూడు ప్రదక్షిణలు, నాలుగు విడతల భ్రమణము, తుదకు ఖురాను పఠనము, ప్రార్థన అను క్రమము దానికి గలదు. ఓడలో మిగులునది భ్రమణమొక్కటియే. అదియు పది నిమిషములకు మించదు. ఆదిలోని కీర్తన లేదు, అంతములోని పఠనము లేదు. అనగా అందలి మాట యంతయు తొలగిపోయి తిరుగుట మాత్రము నిలిచినది. మద్యము వడ్డించుచున్న చోట దీనిని ప్రదర్శించుట తగదని మౌలవీ సంప్రదాయమును గౌరవించువారు పలువురు అభ్యంతరము చెప్పుచున్నారు. ఆ అభ్యంతరము న్యాయమైనదే. పెండ్లి విందులో ఆవకాయ వడ్డించుచు రుద్రాభిషేకము చేయించినచో మనకెట్లుండును?

దాని వెనుక జానపద నృత్యములు వచ్చును. ఇచ్చట నాకు నిజమైన ఆనందము కలిగినది. అనటోలియాలో ఒక్కొక్క ప్రాంతమునకు ఒక్కొక్క నృత్యము. పడమటి తీరమున 'జైబెక్': వీరుడు చేతులు డేగరెక్కలవలె చాచి, మెల్లగ అడుగు వేసి, మోకాలు నేలకానించి లేచును. నల్లసముద్రపు తీరమున 'హొరోన్': 'కెమెంచె' యను మూడు తీగల చిన్న వాద్యము త్వరత్వరగ మ్రోగుచుండ, చేయి చేయి కలిపిన వరుస వణకుచు ఎగురును, వలలో పడిన చిన్నచేప కదలికయని దానిని పోల్చుదురు. తూర్పు ప్రాంతములలో 'హలాయ్': భుజము భుజము కలిపిన వరుస, ముందున్నవాడు చేతిరుమాలు త్రిప్పుచు నడిపించును. దానికి వాద్యములు 'దావుల్', 'జుర్నా'. మన డోలు సన్నాయిలకు దూరపు చుట్టములు. కోన్యా, సిలిఫ్కె ప్రాంతములలో చెక్క గరిటెలను చేతులలో జతలుగ పట్టి తాళము వేయుచు ఆడుదురు. మన చెక్కభజన చూచిన కన్నులకు అది క్రొత్తగా తోచదు. ఇవన్నియు ఓడలో ఇరువది నిమిషములలో ముగియును. దుస్తులు మార్చుకొని అదే నలుగురు యువకులు పడమటి తీరము నుండి తూర్పు కొండలకు మూడు నిమిషములలో చేరుకొందురు.

అటుపై 'కినా గెజెసి', అనగా గోరింటాకు రాత్రి. పెండ్లికి ముందు వధువును ఎర్రని మేలిముసుగుతో కూర్చుండబెట్టి, స్త్రీలు దీపములతో చుట్టు తిరుగుచు పాడుదురు. వధువు గుప్పిటి విప్పదు; అత్తగారు బంగారు నాణెము నుంచినగాని చేయి తెరవదు. అప్పుడు అరచేత గోరింటాకు పెట్టుదురు. ఆ వేళ పాడు 'యుక్సెక్ యుక్సెక్ తెపెలెరె' యను పాట మిక్కిలి ప్రసిద్ధము. దూరదేశమునకు కోడలై పోయిన పిల్ల పుట్టింటిని, తల్లిని, ఊరిని తలచుకొను పాట యది. వధువు కన్నీరు పెట్టువరకు పాడుదురు. మన అప్పగింతల పాటలకును దానికిని హృదయము ఒక్కటే. కాని ఓడలో ఆ పాట అర్థము ఎవరును చెప్పలేదు. దేశదేశముల స్త్రీలు చప్పట్లు కొట్టి నవ్వుచుండిరి. ఏడ్పించుటకు పుట్టిన పాట చప్పట్ల పాటయైనది. ఆ స్త్రీల తప్పిందేమియు లేదు. అర్థము తెలిసినచో వారును కన్నులు తుడుచుకొని యుందురు, ఏలయన తల్లిని విడిచిరాని స్త్రీ ఏ దేశమున నున్నది?

చివరి అంశము 'ఓర్యంతల్' అను ఉదరనృత్యము. ఆ పేరునకు ప్రాచ్యనృత్యమని అర్థము. తూర్పువారు తమ నృత్యమును తామే తూర్పునృత్యమని పిలిచికొనుట వింతగ నున్నది. ఆ పేరు పడమటి ప్రేక్షకుని కంటి నుండి వచ్చినదని తెలియుచునే యున్నది. ఇస్తాంబుల్ వేదికలపై మనకిప్పుడు కనబడు రూపము ఇరువదవ శతాబ్దమున కైరో నగరపు నాటకశాలల వలనను, చలనచిత్రముల వలనను గాఢముగ ప్రభావితమైనది. ఆమె శిక్షణ కఠినమైనది. శరీరమునందలి ఒక్కొక్క కండరమును వేరువేరుగ తాళమున నడిపించుట సామాన్య విద్య కాదు. ఆ విద్యను మెచ్చి చప్పట్లు కొట్టినవారే ఆ వృత్తిని చులకనగ చూతురు. ఈ కపటము మన దేశమునకును క్రొత్త కాదు.

ఆపైన నిర్వాహకుడు ఒక్కొక్క దేశము పేరు పిలిచి, ఆ దేశపు పాటలు వేసి, అందరిని వేదికపైకి ఆహ్వానించును. భారతీయుల వంతున హిందీ చిత్రగీతము వినబడినది. 2023 మార్చిలో ఆస్కారు బహుమానము పొందిన తెలుగుపాట 'నాటు నాటు' ఇట్టి వేదికలకు ఎంతయు తగినది. ఆ నృత్యమును 2021లో చిత్రించినది నల్లసముద్రమున కావలి దేశమైన యుక్రెయిన్‌లో, కీవ్ నగరమున. లోకమంతయు ఆ అడుగును నేర్చుకొన్నది. కాని చంద్రబోసు అందు పేర్చిన పల్లెటూరి ఉపమానములు ఎందరికి తెలియును? అడుగు సముద్రములు దాటినది. మాట ఒడ్డుననే నిలిచిపోయినది.

సోదరులారా! నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదియే. ఆ ఓడపైకి ఎక్కిన కళలను గమనించినట్లే, ఎక్కని కళలను కూడ గమనింపవలెను. టర్కీకి 'కరగొజ్' అను తోలుబొమ్మలాట కలదు. ఒంటెతోలుతో చేసిన రంగుబొమ్మలు, తెల్లని తెర, వెనుక దీపము. ఒక్క కళాకారుడే అన్ని పాత్రల గొంతులు పలుకును. హాజివాత్ పండితుడు, గ్రాంథికము మాటాడును. కరగొజ్ పామరుడు, ఆ మాటలను వక్రముగ విని పెడర్థములు తీయును. హాస్యమంతయు అందుననే యున్నది. రంజాను రాత్రులలో ఇస్తాంబుల్ కాఫీ దుకాణములందు ఇది పూర్వము గొప్ప వినోదము. మన తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగాడు, బంగారక్క వీరికి అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు వంటివారు. 'మెద్దాహ్' అను కథకుడు కలడు. చేత కఱ్ఱ, భుజమున తువాలు, ఈ రెంటితోనే రాజును, ముసలమ్మను, దొంగను కన్నుల గట్టించును. మన హరిదాసును జ్ఞప్తికి తెచ్చును. 'ఆషిక్' అను కవిగాయకుడు కలడు. 'సాజ్' వాద్యము పట్టి ఎదుటి కవితో అప్పటికప్పుడు పదములల్లి పోటీపడును. మన అవధానులు విన్నచో భేషనియెదరు. యునెస్కో పట్టికలలో ఈ మూడును కలవు. అయినను విందు ఓడపై ఈ మూటికి చోటు లేదు. కారణము స్పష్టము: ఇవి మాటతో బ్రతుకు కళలు. ఇరువది దేశముల ప్రేక్షకులు కూడిన చోట అడుగు నిలుచును, డోలు నిలుచును, రంగుబట్ట నిలుచును, మాట నిలువదు.

దీనికి ఓడవారిని నిందించుట తగదు. నర్తకులకు అది జీవనోపాధి. కళను వేదికకు కుదించుట యాత్రికులతోనే ఆరంభము కాలేదు. 1932లో స్థాపింపబడి 1951 వరకు పనిచేసిన 'హాల్కెవ్లెరి' యను ప్రజాభవనములు పల్లెల నృత్యములను సేకరించి పట్టణ వేదికల కెక్కించినవి. 1975లో ప్రభుత్వమే జానపద నృత్యబృందమును నెలకొల్పినది. ఆ యత్నములు లేకున్నచో ఎన్నియో నృత్యములు మరుగున పడియుండెడివి. కాని మాటను కూడ భద్రపరచినవారుండిరి. హంగేరీ సంగీతజ్ఞుడు బేలా బార్తోక్ 1936లో టర్కీకి వచ్చి, అద్నాన్ సైగున్‌తో కలిసి దక్షిణ ప్రాంతపు పల్లెలలో తిరిగి, పాటలను బాణీలతోపాటు పదములతో కూడ వ్రాసికొనెను. మన వైపున ఆచార్య బిరుదురాజు రామరాజుగారు 1950 దశకమున జానపద గేయములపై చేసిన కృషి అట్టిదే.

ఆ నగరమున మరియొకటి చూచితిని. పాత నీటికొళాయిల మీద, సమాధుల మీద, మసీదు ద్వారముల మీద అరబ్బీ లిపిలో అందమైన శాసనములున్నవి. 1928లో టర్కీ లాటిను లిపికి మారినది. అక్షరాస్యత పెరిగినది, పుస్తకము సామాన్యునికి దగ్గరయైనది. ఆ మేలు గొప్పది. అయినను నేటి విద్యావంతులలో పెక్కుమంది తమ ముత్తాత సమాధిపై వ్రాసిన పేరును చదువలేరు. అచ్చట లిపిని శాసనము మార్చినది. మన ఇండ్లలో ఏ శాసనమును లేకుండగనే బదిలీలు ఆ పని చేయుచున్నవి. మూడేండ్లకొక ఊరు, ఊరికొక పాఠశాల. పిల్లవానికి హిందీ వచ్చును, ఇంగ్లీషు వచ్చును. అమ్మమ్మ వ్రాసిన ఉత్తరము మాత్రము తల్లి చదివి వినిపింపవలెను.

ఇప్పుడు మన సంఘపు వార్షికోత్సవమును తలచుకొనుడు. కోలాటము పది నిమిషములు, కూచిపూడి తరంగము పది నిమిషములు, సినిమాపాటకు సామూహిక నృత్యము ఎనిమిది నిమిషములు. పిల్లలు ముద్దుగ ఆడుదురు. దుస్తులు కన్నులపండువుగ నుండును. నేనును చప్పట్లు కొట్టువాడనే. కాని హరికథ యెప్పుడు పెట్టితిమి? పద్యనాటకపు ఒక్క రంగమైన ఎప్పుడు ప్రదర్శించితిమి? తరంగమునకు పళ్లెముపై నిలిచి ఆడిన బాలికను ఆ పాట అర్థమడిగినచో చెప్పగలదా? పరభాషా మిత్రులు సభలో నున్నారని, వారికి విసుగు పుట్టునని మాటను తగ్గించుచు వచ్చితిమి. విందు ఓడవారికి ఆ అగత్యము కలదు. ఆ ప్రేక్షకులు తెల్లవారగనే చెదరిపోవుదురు. మనము మాత్రము ఒకరినొకరు ప్రతి యేడును చూచుకొను కుటుంబములము. మనము యాత్రికుల కొరకు ఆడుట లేదు. మన ఇంటనే మనము యాత్రికులమగుట న్యాయము కాదు.

ఇస్తాంబుల్‌కు పోవు మిత్రులకు ఒక సలహా. విందు ఓడ ఎక్కుడు, చూడదగినదే. కాని మరునాటి ఉదయము సామాన్యులు పోవు ఆవిరిపడవ రేవుకు కూడ పోవుడు. 1851లో స్థాపింపబడిన సంస్థ నాటి నుండి అట్టి పడవలు ఈ నీటిపై తిరుగుచున్నవి. నేడు వానిని నడుపునది ఆవిరి కాకున్నను, చౌక చీటీ కొని, నువ్వులు అద్దిన గుండ్రని రొట్టె పట్టుకొని, తేనీరు త్రాగుచు అదే ప్రాసాదములను, అదే కోటలను చూడవచ్చును. అచ్చట ఉద్యోగులు, విద్యార్థులు, సంత నుండి వచ్చు స్త్రీలు తమ భాషలో మాటాడుకొనుచుందురు. చెవియొగ్గినచో తారీఖు, హిసాబు, జేబు, దుకాణము, మైదానము, సబ్బు వంటి మాటలు కొంచెము యాస మారి వినబడును. పారశీక, అరబ్బీ భాషల ద్వారా ఆ మాటలు వారికిని మనకును చేరినవి. రాత్రి ఓడపై పైపొర ప్రవాహము. పగటి పడవలో అడుగుపొర ప్రవాహము. రెండును చూచినవాడే బాస్ఫరస్‌ను చూచినవాడు.

కార్యవర్గమువారికి నా మనవి స్వల్పమైనది. రాబోవు ఉగాది కార్యక్రమమున ఒక అరగంట మాటకు కేటాయింపుడు. అందు వాద్యము వలదు, రంగుదీపము వలదు. పన్నెండేండ్ల లోపు పిల్లలు ఒక్కొక్కరు వచ్చి, తమ తాతమ్మల వలన విన్న కథ నొక్కటి ఐదు నిమిషములు తెలుగున చెప్పవలెను. తప్పులు దొర్లిన దొర్లనిండు. ప్రతి నృత్యమునకు ముందు ఆ పాట అర్థమును ఆడు బాలికయే నాలుగు వాక్యములలో చెప్పవలెను. పరభాషా మిత్రుల కొరకు అదే అర్థమును హిందీలోనో ఇంగ్లీషులోనో కూడ చెప్పింపుడు. వారు విసుగుకొనరు, సంతసింతురు. మొదటి యేడు ముగ్గురే పిల్లలు ముందునకు రావచ్చును. ఆ ముగ్గురి పేర్లను వచ్చే సంచికలో అచ్చువేయుడు. మరుసటి యేడు పదిమంది వత్తురు.